గుండెలో రెండు పంపులు
(దిండిలో దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిడికిలి బిగించి చూడండి. మీ గుండె సుమారు అంతే ఉంటుంది. చూడడానికి ఒకటే, పనిలో మాత్రం రెండు పంపులు. కుడి పంపు ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ధవళేశ్వరం దిగువన మన గోదావరి పాయలుగా చీలినట్టు, అక్కడ గాలిగొట్టం కొమ్మలుగా చీలి చివరికి చిన్న చిన్న గాలితిత్తులవుతుంది. ఆ తిత్తుల దగ్గర ఆక్సిజన్ అందుకుని ఎరుపెక్కిన రక్తం ఎడమ పంపుకు చేరి, మళ్లీ ఒళ్లంతా వెళుతుంది. నిమిషానికి దాదాపు 5 లీటర్లు!

ఈ రెండింటి మధ్య గోడకు కనపడని రంధ్రాలున్నాయని, రక్తం వాటిగుండా దాటుతుందని గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పాడు. వెయ్యేళ్లు వైద్యులు అదే నమ్మారు. గోడకు రంధ్రం లేదు, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్లాలని 13వ శతాబ్దంలో రాసినవారు ఇబ్న్ అల్ నఫీస్. డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఆయన 1288లో మరణించారు. తన ఇంటినీ పుస్తకాలనూ అక్కడి మన్సూరీ ధర్మాసుపత్రికి రాసిచ్చారు.

ఇల్లు రాసిచ్చే స్తోమత అందరికీ ఉండదు. రక్తం అందరిలోనూ ఉంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. మనం ఇవ్వకపోయినా అది పోయేదే, కొత్తది పుట్టేదే. కాన్పులో రక్తం పోతున్న తల్లికి మీ చందాతో మందులు కొనగలం. రక్తాన్ని మాత్రం ఏ కర్మాగారమూ తయారు చేయదు. 18 ఏళ్లు నిండి, ఆరోగ్యంగా ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు.

చందా రాసిన చేతినే ఈసారి రక్తదానానికీ చాపమని మనవి.