ఘాట్ రోడ్డుకు ముందు బండి పరీక్ష
(మూసారాంబాగ్‌లో సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం పదిమందిమి కలిసి వ్యాను మాట్లాడుకుని శ్రీశైలం వెళ్తుంటాం. వంటసామాను, పక్కబట్టలు, మందులు అన్నీ గుర్తుంటాయి. బండి సంగతి మాత్రం డ్రైవరుకే వదిలేస్తాం. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసినవాణ్ణి కనుక నాలుగు మాటలు మనవి చేస్తాను.

పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించండి. స్టెప్నీ, జాకీ ఉన్నాయేమో అడగండి. ఇంజను వేడి మీద రేడియేటర్ మూత తీయనివ్వకండి, ఆవిరి ముఖాన కొడుతుంది.

మొన్నటి యాత్రలో కల్వకుర్తిలో టీకి ఆగినప్పుడు వెనక చక్రం లోపలివైపు తడి కనబడింది. చూస్తే బ్రేక్ ఆయిల్. వీల్ సిలిండర్ రబ్బర్లు మార్పించి, బ్రేకు లైనులో గాలి తీయించేసరికి రాత్రి ఎనిమిదైంది. మన్ననూరు చెక్‌పోస్టు 9 గంటలకు మూస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. సుమారు 60 కిలోమీటర్లు గంటలో పరుగెత్తుదామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. అప్పుడే విప్పి బిగించిన బ్రేకును చీకట్లో, పెద్దవాళ్లతో పరీక్షించకూడదు. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లవారాక చదును రోడ్డు మీద బ్రేకు చూసుకుని కదిలాం.

ఘాట్‌లో ఒకటే సూత్రం: ఎక్కడానికి ఏ గేరో, దిగడానికీ అదే గేరు. డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీద పడి, అవి కాగి పట్టు తప్పుతాయి.

డ్రైవరును ఈ మాట అడగడానికి మొహమాటపడవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.