కడపటి గదికి వెచ్చదనము



మన నస్రుల్లాబాదు, బాన్సువాడ ప్రాంతములనుండి బిడ్డలు ఉద్యోగములకై చలిదేశములకు పోవుచున్నారు. వారిని జూచుటకు ముసలి తల్లిదండ్రులును పోవుచున్నారు. అట్లు ఇంగ్లండున చలికాలము గడిపి వచ్చినవారు నాతో జెప్పిన మొర యొక్కటే: వంటింట ఉక్కపోయును, మేడమీది తమ పడకగదిలో పండ్లు టకటక గొట్టుకొనును. ఇండ్లలోపల 18 డిగ్రీలకు తగ్గకుండ వెచ్చదన ముండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. వృద్ధుల గుండెకును ఊపిరికిని చలి కీడు చేయును గనుక దీనిని సుఖముకొర కాడెడి మాటగా నెంచరాదు.

ఆ యిండ్లలో గదికొక కుంపటి యుండదు. బాయిలరు ఒక్కచోట నీళ్లు కాచును. పంపు ఆ నీళ్లను గొట్టములవెంట గదిగదికి త్రోయును. గోడల కమర్చిన ఇనుప పలకలలో అవి తిరిగి, వేడి నిచ్చి, చల్లారి మరల బాయిలరును జేరును. ఆ పలకలే రేడియేటర్లు.

మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరపు కాలువ క్రింద సేద్యము చేయు మనకు తక్కిన కథ వేరుగ జెప్పవలెనా? మొదటి తూము బార్లా తెరచియున్నచో కొస మడికి నీ రెక్కదు. ఆనకట్టవద్ద ఎక్కువ నీరు విడిచిన, మొదటి పొలములు మునుగునే గాని కొసవాని కరవు తీరదు. అచ్చటను అంతే. బాయిలరు మంట పెంచిన ఖర్చు పెరుగును, వంటింట ఉక్క పెరుగును.

నీరటి చేయు పనియే చేయవలెను. రేడియేటరు కొక ప్రక్క ఇంటివారు త్రిప్పు పిడి యుండును. రెండవ ప్రక్క మూతక్రింద నొక వాల్వు దాగియుండును. దానిని పానాతో త్రిప్పవలెను. ముందు బాయిలరు నార్పి, చల్లారిన పిదప, రేడియేటరు పైకొననున్న చిన్న మరను వదులుచేసి లోని గాలిని విడువవలెను. గుడ్డ పట్టుకొనుట మంచిది. పిమ్మట పిడులును వాల్వులును అన్నియు పూర్తిగ దెరచి బాయిలరు వెలిగించి, ఏది ముందు వేడెక్కునో, ఏది వెనుకనో వరుసగ వ్రాసికొనవలెను. మొదట వేడెక్కినదాని వాల్వును మూసి, పావుచుట్టు మాత్రము తెరువుడు. తరువాతిదానికి మరికొంచెము. కడపటిది బార్లా తెరచియే యుండనిండు. ప్రతిదానికిని నీరు వచ్చు గొట్టపు వేడికిని, పోవు గొట్టపు వేడికిని గల భేదము ఇంచుమించు సమముగ నుండవలెను. పాత బాయిలర్లకు 11 డిగ్రీల భేదము ఆ దేశపు వాడుక. క్రొత్తవానికి 20 వరకు మేలు. ఒక తూము బిగించిన ప్రక్క తూము పారుదల మారునట్లు, ఒక వాల్వు త్రిప్పిన తక్కినవియు మారును. కావున త్రిప్పినపుడెల్ల పావుగంట యాగవలెను. పూట పట్టును.

వంటగదివారు “మా వేడి దోచికొంటిరి” అందురు. ఇచ్చట మాత్రము కాలువ పోలిక చెల్లదు. మడికి నీరు సగమైన సగమే. రేడియేటరులో పారు నీరు సగమైనను వేడి సగము తగ్గదు, కొంచెమే తగ్గును. ముందటివారికి నష్టము స్వల్పము, వెనుకటివారికి లాభము మెండు.

గొట్టములలో తుప్పుమడ్డి పేరుకొనియున్నను, పెద్దగదికి చిన్న రేడియేటరు పెట్టియున్నను ఈ యుపాయము పనిచేయదు. పూడిన కాలువకు తూము లెన్ని సవరించిన నేమి? మడ్డి కడిగించుటయో, పెద్దది పెట్టించుటయో చేయవలెను. కాని పడకగది చల్లగనున్నదని రెండవ కంబళి యడుగుటకు ముందు, ఆ మూత తీసి చూడుమని కుమారునితో జెప్పుడు.