కాపలా కన్నుకూ ఒక కట్టుబాటు



బెంగుళూరు తూర్పు దిక్కున హూడి ఉంది. కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి ఉద్యోగాలకు వెళ్ళిన మన పిల్లలు ఎందరో అక్కడ అద్దె గదుల్లో ఉంటున్నారు. గదిలో దిగాలంటే ఆధార్ జిరాక్సు ఇవ్వాలి. గేటు దగ్గర పేరు, ఫోను నంబరు రాయాలి. మెట్ల మీద కెమెరా చూస్తూనే ఉంటుంది. "ఇదంతా ఎందుకు?" అని పిల్లలు విసుక్కుంటారు. "మన మంచికే కదా నాయనా" అని పెద్దలు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

హూడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని రామేశ్వరం కఫేలో 2024 మార్చి 1న బాంబు పేలింది. మధ్యాహ్నం తినడానికి వచ్చినవారు గాయపడ్డారు. టోపీ పెట్టుకుని, సంచితో వచ్చి వెళ్ళిన మనిషి కెమెరాలకు చిక్కాడు. ఏప్రిల్ 12న జాతీయ దర్యాప్తు సంస్థ పశ్చిమ బెంగాల్‌లో ఇద్దరిని అరెస్టు చేసింది. కనుక నిఘా అసలే వద్దని ఎవరూ అనలేరు.

మరి అదే నిఘా నేరం రుజువు కాని మనిషి వెంట పడితే? ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్ళు తలుపు తట్టి లేపేవారు. రాకపోకలపై కన్నేసి ఉంచేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. రాత్రి సోదాలు చెల్లవన్నారు కానీ, మిగిలిన నిఘాను తప్పుపట్టలేదు. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు.

ఆ ధర్మాసనంలో మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఉన్నారు. ఆయన, జస్టిస్ షా ఆ మాటకు ఒప్పుకోలేదు. ఎవరో చూస్తున్నారన్న బెదురుతో బతికే మనిషి కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా స్వేచ్ఛగా ఉన్నట్టు కాదన్నది సుబ్బారావు గారి వాదన సారం.

యాభై ఏళ్ళ తర్వాత, 2012లో, బెంగుళూరువాసి, విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు 86 ఏళ్ళు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆనాడు ఒప్పుకోని సుబ్బారావు గారి మాటే ఈనాడు నిలిచింది. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, తగిన కారణం ఉండాలి, అవసరానికి మించకూడదు అన్నారు.

ఇక ఫోన్ల సంగతి. 1988లో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలతో రాజీనామా చేసింది బెంగుళూరులోనే. 1996లో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి, ఒక్కో ఉత్తర్వుకు రెండు నెలలే గడువు, మొత్తం ఆరు నెలలు దాటరాదు, సమీక్షా సంఘం సరిచూడాలి అంది. బాగానే ఉంది. కానీ అడిగేదీ, అనుమతి ఇచ్చేదీ, సరిచూసేదీ ముగ్గురూ ప్రభుత్వ అధికారులే! విన్న సంగతి ఫోను యజమానికి తెలియదు. తెలియనివాడు ఏ కోర్టుకు వెళతాడు? 2023 డేటా రక్షణ చట్టం కూడా దేశభద్రత పేరుతో తన సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. అందుకే న్యాయమూర్తి అనుమతి ఉండాలని అడిగేవారి మాట వినదగ్గది.

"నేను తప్పు చేయలేదు, నాకేం భయం?" అంటారు కొందరు. తప్పు చేయనివారూ రాత్రి తలుపు గడియ వేసుకునే పడుకుంటారు కదా! మన పల్లెల్లో తలారి వీధుల్లో గస్తీ తిరుగుతుంటే ఊరికి ధైర్యం. అతనే కిటికీలోంచి తొంగిచూస్తే పెద్దలు రచ్చబండ దగ్గర నిలదీసేవారు. నిలదీసే పెద్దలు ఉన్నందువల్లే తలారి మీద ఊరికి నమ్మకం ఉండేది.

మీరూ ఒక పని చేయండి. ఆధార్ నకలు అడిగితే ఎందుకో అడగండి. ఆ పని పేరు, తేదీ నకలు మీద అడ్డంగా రాసి ఇవ్వండి. హూడిలో ఉన్న మీ పిల్లలకూ ఈ మాట చెప్పండి. సెలవు.