పౌరశాస్త్ర పరీక్షా సంస్కరణము – గ్రామముల అభిప్రాయము

(మొజంజాహీ మార్కెటు సమీపమున కూడిన గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మీలో పలువురు నేటి ఉదయము నాంపల్లి స్టేషనులో రైలు దిగి, మొజంజాహీ మార్కెటు గడియారపు గోపురమును చూచుచు ఇచ్చటికి వచ్చియుందురు. 1935లో కట్టిన ఆ రాతి కట్టడమునకు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండవ కుమారుని పేరు పెట్టిరి. ఒకప్పుడది పండ్ల బజారు. పల్లెల నుండి పండ్ల గంపలు అచ్చట దిగెడివి. ధర చెప్పువాడొకడు, కాదనువాడొకడు, నడుమ మాట కుదుర్చువాడు మరియొకడు. పండ్ల టోకు వ్యాపారము తరువాత కొత్తపేటకు తరలిపోయినది. శిథిలమైన ఆ కట్టడమును కూలద్రోయక మరమ్మతు చేసి, 2020 ఆగస్టులో మరల తెరచిరి. పాతదానిని నిలుపుకొనుచునే బాగుచేయవచ్చుననుటకు అది యొక నిదర్శనము.

ఆ మార్కెటు నుండి కొంతదూరము నడచినచో నాంపల్లిలో విద్యాభవనము కనబడును. తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యా మండలి కార్యాలయము అందున్నది. మీ గ్రామమునందలి పిల్లలు ఇంటర్మీడియట్‌లో పౌరశాస్త్రము తీసికొన్నయెడల ఏమి చదువవలెను, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు అను నిర్ణయములు అచ్చటినుండియే వెలువడును. ఆ నిర్ణయములందు గ్రామము మాటకు చోటెట్లు కలుగును? ఇదియే నేటి నా ప్రసంగ విషయము.

ఇది పండితుల వ్యవహారము కదా, మాకేమి పనియని మీకు తోచవచ్చును. కాని ఒక్కమాట ఆలోచింపుడు. బడిలో నేర్పు శాస్త్రములన్నిటిలో మీ పంచాయతీని గూర్చి చెప్పు శాస్త్రమిది యొక్కటియే. ఆరవ తరగతి నుండియే సాంఘిక శాస్త్రమున స్థానిక పరిపాలన పాఠము వచ్చును. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున రాజ్యము, చట్టము, స్వేచ్ఛ, సమానత్వము, హక్కులు మొదలగు సిద్ధాంతములను, రెండవ సంవత్సరమున భారత రాజ్యాంగమును, ప్రభుత్వ వ్యవస్థను చదువుదురు. రాజ్యాంగపు 61వ సవరణచే 1989 నుండి 18 ఏండ్లు నిండినవారికి ఓటు హక్కు కలదు. 21 ఏండ్లు నిండినచో పంచాయతీకి పోటీ చేయవచ్చును. అనగా నేడు పౌరశాస్త్ర పరీక్ష వ్రాయుచున్న బాలుడో బాలికయో నాలుగైదు ఏండ్లలో మీ కుర్చీలో కూర్చుండవచ్చును. మన రెండు రాష్ట్రములలోను స్థానిక సంస్థలయందు స్త్రీలకు సగము స్థానములు ప్రత్యేకింపబడినవి. కావున ఆ బాలిక చదువును మనము తేలికగా చూడరాదు.

నేను చాలకాలము ఈ శాస్త్రమును బోధించినవాడను. ఒకనాడు తరగతిలో గ్రామసభ అధికారములను చెప్పుమంటిని. ఒక విద్యార్థి వరుసగా ఎనిమిదింటిని తడబడక అప్పగించెను. "నాయనా, మీ ఊరి గ్రామసభ కడపట ఎప్పుడు జరిగినది?" అని యడిగితిని. అతడు మాటాడలేదు. తరగతి అంతయు మౌనము వహించినది. అతనికి ఆ ప్రశ్నకు మార్కులు నిండుగా వచ్చియుండును. తప్పు పిల్లవానిది కాదు. మన పరీక్ష అతనిని అంతవరకే యడిగినది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకమారు గ్రామసభ జరుగవలెను. ఆ సంగతి పుస్తకములో చదివినవాడు ఆ సభను కంటితో చూడకయే ఉత్తీర్ణుడగుచున్నాడు. ఈతకొట్టు విధమును వ్రాతలో చెప్పినవానికి ఈత వచ్చినదని పత్రమిచ్చినట్లున్నది ఈ వ్యవహారము.

దీనిని మార్చవలెననుటలో అభిప్రాయభేదము లేదు. ఎట్లు మార్చవలెను, ఎవరినడిగి మార్చవలెను అనుటలోనే చిక్కున్నది. గణితమున రెండు రెండ్లు నాలుగనుటకు ఎవరినీ అడుగనక్కరలేదు. రాజనీతి శాస్త్రము అట్టిది కాదు. ఏ భావమును చేర్చవలెను, ఎవరి పేరును విడువవలెను అనునదే అచ్చట రాజకీయమగును.

ఇంగ్లండులో జరిగిన యొక ఉదాహరణము చెప్పెదను. అచ్చట పాఠశాల కడపటి తరగతులవారు వ్రాయు రాజనీతి పరీక్షకు క్రొత్త పాఠ్యాంశములను ప్రభుత్వము సిద్ధము చేసి, 2015 నవంబరులో చిత్తుప్రతిని ప్రకటించి ప్రజాభిప్రాయమును కోరినది. ఆ ప్రతిలో స్త్రీవాదమను భాగమును తొలగించిరి. పేర్కొన్న ఏడుగురు రాజకీయ తాత్త్వికులలో ఒక్కతె మాత్రమే స్త్రీ. ఒక విద్యార్థిని దీనిని ప్రశ్నించి వినతిపత్రము నడిపినది. వేలకొలది జనులు సంతకములు చేసిరి. 2016 జనవరిలో ప్రభుత్వము తన ప్రతిని సవరించుకొని, స్త్రీవాదమును మరల చేర్చి, స్త్రీ తాత్త్వికులకు చోటు కల్పించినది. సవరించిన ఆ చదువు 2017లో తరగతులకు వచ్చినది. గమనింపుడు: లోపమును పట్టి చూపినది ఆ చదువు చదువవలసిన వయస్సులో నున్న బాలిక. ఆమె మాట ప్రభుత్వమునకు చేరుటకు దారి యుండుట చేతనే లోపము సవరింపబడినది.

మన దేశమునను ఇట్టి దారులు తెరచిరి. జాతీయ విద్యావిధానమును రూపొందించుటకు 2015లో కేంద్ర ప్రభుత్వము గ్రామ పంచాయతీల నుండియే అభిప్రాయ సేకరణ ప్రారంభించినది. పాఠశాల విద్యకు సంబంధించి 13 అంశములను చర్చకు పెట్టిరి. అందు పరీక్షల సంస్కరణము ఒకటి. దేశమునందలి రెండున్నర లక్షల పంచాయతీల నుండియు, మండలములు, పట్టణములు, జిల్లాల నుండియు రెండు లక్షలకు పైగా సూచనలు వచ్చినట్లు ప్రభుత్వము తెలిపినది. ఈ లెక్కను మీరే విచారింపుడు. పంచాయతీకి ఒక్క సూచన చొప్పున వేసికొన్నను లెక్క సరిపోదు. పిలుపు గ్రామము దాకా వచ్చినది గాని, పెక్కు గ్రామములు నోరు విప్పలేదనియే దీని యర్థము. తరువాత 2019 మే 31న చిత్తుప్రతి వెలువడినది. అందు హిందీని గూర్చిన వాక్యముపై దక్షిణాదిన తీవ్రమైన అభ్యంతరములు రాగా, జూన్ 3ననే ఆ వాక్యమును సవరించిరి. అభిప్రాయములకు మొదట పెట్టిన జూన్ 30 గడువును జూలై 31 వరకు పొడిగించిరి. 2020 జూలై 29న విధానము ఆమోదము పొందినది. గట్టిగా పలికిన మాట మూడు దినములలో ఫలించినది. పలుకని మాట ఏ పుటలోను లేదు.

ఇంకను దగ్గరి ఉదాహరణము ఆంధ్రప్రదేశ్‌లోనిది. 2025 జనవరి 8న అచ్చటి ఇంటర్మీడియట్ మండలి యొక ప్రతిపాదన ప్రకటించినది. మొదటి సంవత్సరపు పబ్లిక్ పరీక్షలను తీసివేసి, వానిని కళాశాలలే జరుపుకొనునట్లును, రెండవ సంవత్సరమునకు మాత్రము మండలి పరీక్ష యుండునట్లును దాని సారాంశము. జనవరి 26 లోపల అభిప్రాయములు తెలుపవలసినదని కోరిరి. తలిదండ్రులు, అధ్యాపకులు తమ మాట తెలిపిరి. వానిని పరిశీలించిన మీదట మొదటి సంవత్సరపు పరీక్షలను యథాప్రకారము కొనసాగించుటకే మండలి నిశ్చయించినది. ఆ నిర్ణయము మంచిదా కాదా యని నేనిప్పుడు తీర్పు చెప్పబోను. అడిగిన పిమ్మట మనస్సు మార్చుకొనుట ప్రభుత్వమునకు చిన్నతనము కాదని మాత్రము అందువలన తెలియుచున్నది.

దీనికి ప్రక్కనే మరియొక సంగతి. తెలంగాణలో పదవ తరగతి అంతర్గత మార్కులను తొలగించి, నూరు మార్కులకును పరీక్ష పెట్టుదుమని 2024 నవంబరులో ప్రకటించిరి. విద్యా సంవత్సరము నడుమ వచ్చిన మార్పు గనుక కలవరము పుట్టగా, దానిని మరుసటి సంవత్సరమునకు వాయిదా వేసిరి. ముందుగా అందరిని అడిగి, బడులు తెరచుటకు పూర్వమే నిశ్చయించినచో ఇట్టి తొందరపాటునకు తావుండదు.

ఇక మీ మనస్సులలో రెండు సందేహములు పుట్టవచ్చును. మొదటిది, పాఠ్యప్రణాళిక సంగతి పల్లెవారికేమి తెలియుననునది. నా సమాధానమిది: తెలియనివి కొన్ని గలవు, మనకే బాగుగా తెలిసినవి కొన్ని గలవు. రాజ్యాంగములో ఏ అధికరణము ఏమి చెప్పుచున్నదో చేతులెత్తించి నిర్ణయింపరాదు. అది పండితులు సరిచూడవలసిన పని. కాని మీ ఊరి పిల్లలకు పాఠ్యపుస్తకపు భాష అర్థమగుచున్నదా, పొలము పనుల కాలమున ప్రాజెక్టు పని భారమగుచున్నదా, పౌరశాస్త్రము చెప్పు అధ్యాపకుడు దాపుననున్న కళాశాలలో ఉన్నాడా, పట్టణపు విద్యార్థికి దొరకు వసతులు మీ పిల్లకు లేకపోవుటచే మార్కులలో తేడా వచ్చుచున్నదా యను సంగతులు మండలికి మీరు చెప్పిననే తెలియును.

రెండవది మరింత గట్టి సందేహము. గ్రామసభకు పోయి చూచి వ్రాసిన నివేదికకు మార్కులిచ్చినచో, ఆ మార్కులు న్యాయముగా పడునా? తెలిసినవారి బిడ్డకు ఎక్కువ, తెలియనివారి బిడ్డకు తక్కువ కావా? సర్పంచిని ప్రశ్నించి వ్రాసిన విద్యార్థికి చిక్కు రాదా? ఈ భయము నిరాధారము కాదు. అందుచేతనే పెక్కుమంది తలిదండ్రులు అంతర్గత మార్కులను నమ్మక, ఊరుపేరు తెలియని పరీక్షకుడు దిద్దు పత్రమునే కోరుదురు. నా సూచన నడిమి మార్గము. నివేదికను పిల్లవాడు స్వయముగా వ్రాసికొనవలెను. దానికి విడిగా మార్కులు వద్దు. మండలి పరీక్షలో మాత్రము ఆ యనుభవము లేనివాడు వ్రాయలేని ప్రశ్న యొకటి యుండవలెను. "మీరు చూచిన యొక గ్రామసభలో చర్చకు వచ్చిన విషయమేది? అది ఎట్లు తీర్మానింపబడినది? చట్టము చెప్పినదానికి అది సరిపోయినదా?" అని యడుగవలెను. జవాబును దూరపు పరీక్షకుడే దిద్దును. పక్షపాతమునకు చోటు తగ్గును. బట్టీపట్టుటకును వీలుండదు. ఇదియే శరణ్యమని నేననుట లేదు. మీ గ్రామములలో చర్చించి ఇంతకు మించినది చెప్పినచో మరియు సంతోషింతును.

ఇట్టి ప్రతిపాదన మండలినుండి గాని, ప్రభుత్వమునుండి గాని వెలువడినప్పుడు పంచాయతీ చేయదగిన పనులను కొన్నిటిని మనవి చేసెదను.

మొదటిది, ప్రకటన వచ్చిన వెంటనే దాని తెలుగు సారాంశమును పంచాయతీ కార్యాలయపు గోడపై అతికింపుడు. గడువు తేదీని పెద్ద అక్షరములలో వ్రాయుడు. పదునెనిమిది దినముల గడువు ఎంత త్వరగా గడచిపోవునో ఆంధ్రప్రదేశ్ ఉదాహరణము చెప్పకయే చెప్పుచున్నది.

రెండవది, పిల్లలను అడుగుడు. గ్రామసభలో సభ్యత్వము ఓటరు జాబితాలో పేరున్నవారిదే. పదునారు, పదునేడు ఏండ్ల విద్యార్థికి అందు ఓటు లేదు. కావున సభకు ముందు ఒకపూట బడిలోనే వారిని కూర్చుండబెట్టి మాట వినుడు. బాలికలను వేరుగా అడిగిన మేలు. పెద్దల యెదుట వారు పలుకకపోవచ్చును.

మూడవది, విద్యాహక్కు చట్టము ప్రకారము బడులలో ఏర్పడిన యాజమాన్య సంఘములను పిలువుడు. ఆ సంఘములలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే యుండవలెను, సగము మంది స్త్రీలుండవలెను. అడుగవలసినవారు అందు సిద్ధముగనే యున్నారు.

నాల్గవది, అవునో కాదో యని మాత్రము వ్రాసి పంపకుడు. కారణము వ్రాయుడు. మీ ఊరి ఉదాహరణము నొక్కటి జతచేయుడు. ఒప్పుకొననివారి మాటను కూడ అదే కాగితమున వ్రాయుడు. నలుగురు ఒకటి చెప్పి, ఒక్కడు మరియొకటి చెప్పినప్పుడు ఆ ఒక్కని మాటయే నిజము కావచ్చును. పార్టీ వైరములను మాత్రము ఆ కాగితముపైకి రానీయకుడు.

ఐదవది, పంపినదాని నకలును దాచుడు. నిర్ణయము వెలువడిన పిమ్మట, మా సూచన ఏమైనది, తీసికొననిచో కారణమేమి యని మర్యాదగా వ్రాసి యడుగుడు. అడిగినవారికి జవాబిచ్చుట అభిప్రాయ సేకరణలో సగము పని. జవాబు రానిచోట రెండవమారు ఎవరును నోరు విప్పరు.

సోదరులారా, 1959 అక్టోబరు 11న మన రాష్ట్రమున షాద్‌నగరులో నెహ్రూగారు పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. 1993లో 73వ సవరణ అమలునకు వచ్చి, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చినది. బడి గోడకు సున్నము వేయించుట, ఆవరణకు ప్రహరీ కట్టించుట మన పనియే. ఆ గోడల నడుమ పిల్లలు ఏమి నేర్చుచున్నారో విచారించుట కూడ మన పనియే.

మరల బజారు మాటకు వత్తును. ధర ఒక్కడే చెప్పి ఒక్కడే నిశ్చయించునది బజారు కాదు. చెప్పువాడు చెప్పగా, వినువాడు బదులు పలుకగా బేరము కుదురును. నాంపల్లి విద్యాభవనము ఒక మాట చెప్పినప్పుడు రెండు రాష్ట్రములందలి పాతికవేలకు పైబడిన పంచాయతీలు మౌనముగా నుండినచో, తప్పు విద్యాభవనముది మాత్రమే కాదు.

మీరు ఇంటికి చేరిన పిమ్మట చేయదగిన చిన్న పని యొకటి కోరుచున్నాను. రాబోవు గ్రామసభకు మీ ఊరి పౌరశాస్త్ర విద్యార్థులను పిలువుడు. ముందు వరుసలో నాలుగు కుర్చీలు వేయుడు. సభ ముగిసిన తరువాత వారిని ఒక్క ప్రశ్న యడుగుడు: "మీ పుస్తకములో వ్రాసినట్లే జరిగినదా?" వారు చెప్పు జవాబు పరీక్షను సంస్కరించుటకే గాక, మన పంచాయతీలను సరిదిద్దుకొనుటకును పనికివచ్చును.