బండి వంటగదిలో చిమ్నీ శుభ్రత
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆలూరు హైదరాబాదు–బీజాపూరు రోడ్డు మీద ఉన్నది. ఇట్లాంటి రోడ్ల మీద వ్యాన్‌లోనే పొయ్యి, సిలిండరు, నూనె బాండలి పెట్టుకొని బతికే యువకులు ఇప్పుడు ఎక్కువైనారు. హలాల్ రోజీ, సంతోషమే. కాని ఆ ఇరుకు డబ్బాలో మంట లేస్తే దిగడానికి చాలావాటికి ఒకటే తలుపు. కావున పొయ్యి మీద ఉండే చిమ్నీ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కాగే నూనె ఆవిరై పైకి పోతుంది. చల్లని రేకు తగలగానే మళ్లీ జిడ్డుగా మారి జాలీకి, గొట్టానికి, ఫ్యాను రెక్కలకు అంటుకుంటుంది. ఆ జిడ్డు ఇంధనమే గదా! బాండలిలో మంట లేచిందంటే ఫ్యాను దాన్ని గొట్టంలోకి గుంజుతుంది. అందుకే జాలీ తీసేసి వంట చేయరాదు. మంట గొట్టంలోకి ఎక్కకుండా కొంతవరకు ఆపేది అదే.

కడిగే ముందు పొయ్యి, సిలిండరు వాల్వు, కరెంటు అన్నీ బంద్ చేసి చల్లారనివ్వాలి. జిడ్డు గిన్నెను రోజూ ఖాళీ చేయాలి. స్టీలు జాలీలను వేడినీళ్లలో చాకలిసోడా వేసి నానబెట్టవచ్చు. అల్యూమినియం జాలీలను సోడా తినేస్తుంది, వాటికి గిన్నెల సబ్బే మేలు. పెట్రోలు, కిరోసిను అసలే వాడొద్దు. పూర్తిగా ఆరినాకనే బిగించాలి. కంటికి కనబడని గొట్టం లోపలనే అసలు ప్రమాదం. అమెరికా అగ్నిరక్షణ సంఘంవారి 96వ ప్రమాణం కట్టెలు, బొగ్గుల పొయ్యిలున్న చోట నెలకొకసారి తనిఖీ చేయమంటుంది, నిప్పురవ్వలు పైకి పోతాయి గనుక. రంజాన్‌లో హలీం భట్టీ పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. వంటగ్యాసు గాలికన్న బరువు, కిందనే పరుచుకుంటుంది. పైన చిమ్నీ ఉన్నది గదా అని ధీమా పనికిరాదు, నేల దగ్గర గాలి పోయే రంధ్రాలుండాలి. వాసన వస్తే ఫ్యాను స్విచ్చి వేయరాదు, ఆపరాదు. ఒక్క రవ్వ చాలు. వాల్వు కట్టి, దిగి, దూరంపోయి 1906కు ఫోను చేయాలి. 2014 జూలై 1న అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఒక ఫుడ్ ట్రక్కు సిలిండరు గ్యాసు లీకై పేలింది. అందులో వంట చేసే తల్లీకూతుళ్లు ఇద్దరూ ఆ గాయాలతో చనిపోయారు.

నూనె మంట మీద నీళ్లు పోయొద్దు. లీటరు నీరు సుమారు 1,700 లీటర్ల ఆవిరై, మండే నూనెను నలుదిక్కులా చిమ్ముతుంది. చేతికందితే గ్యాసు కట్టి, మూత పెట్టాలి. మంట చిమ్నీలోకి ఎక్కితే అందరూ దిగి 101కి చెప్పాలి. సామాను పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

పడుకునేటప్పుడు ఇంట్లో నిప్పు వదలవద్దని మన ప్రవక్త (స) హెచ్చరించారు. బండిలోనే పడుకునే పిల్లలకు ఈ మాట ఎవరు చెప్పాలి? యజమానే చెప్పాలి. జీతానికున్న పిల్లవాని మీదకు నెట్టి తప్పుకోరాదు.

నా విన్నపం ఒక్కటే. సొసైటీ ఎవరికైనా బండి కోసం సాయం చేస్తే, కడగడానికి వీలైన చిమ్నీ, నూనె మంటలకు పనికొచ్చే ఆర్పే సిలిండరు కూడా ఆ లెక్కలోనే కలపాలి. బండి ఇప్పించి ఊరుకుంటే మన పని సగమే అయినట్టు.