ఇంటిలో ధ్వనిముద్రణ

అవ్వ పాడు మంగళహారతిని, తాతగారు చెప్పు ఊరి వృత్తాంతమును పదిలపరచుకొనదలచిన వారు వెనుకటి రోజులలో రికార్డింగు యంత్రమెక్కడ నున్నదో వెదకుకొనవలసివచ్చెడిది. నేడు పెక్కు ఇండ్లలో కంప్యూటరున్నది. మైక్రోఫోనొకటి తగిలించిన చాలునందురు. ఆ తగిలించుటలోనే చిక్కంతయు నున్నది.

మైక్రోఫోను గాలిలోని కదలికను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు మిక్కిలి స్వల్పము. సభావేదికలపై వాడు డైనమిక్ మైక్రోఫోను ఇచ్చునది కొద్ది మిల్లీవోల్టులే. బల్లపై పెట్టు కంప్యూటరు వెనుక సాధారణముగా గులాబిరంగు రంధ్రమొకటి, నీలిరంగు రంధ్రమొకటి ఉండును. మైక్రోఫోనుకు గులాబిది. నీలిది టేప్‌రికార్డరు వంటి యంత్రములకు. పాత క్యాసెట్టును గులాబి రంధ్రము ద్వారా ఎక్కించినచో కంఠము బొంగురుపోయి పగులును. మైక్రోఫోనును నీలి రంధ్రమున పెట్టినచో గుసగుసయే మిగులును. ల్యాప్‌టాపులలో తరచుగా ఒకటే రంధ్రము. ప్లగ్గుపై గీతలు మూడున్నచో దానికి సరిపడును. రెండే యున్నచో స్ప్లిట్టరను చిన్న తీగ కావలెను. స్టూడియోలోని కండెన్సరు మైక్రోఫోనులకు 48 వోల్టులందించు ప్రత్యేకమైన పెట్టె అవసరము. ఇంటివారికి ఈ బాధలేవియు వద్దనియే మా అభిప్రాయము: యు.ఎస్.బి. మైక్రోఫోను తెచ్చుకొనుడు. ధ్వనిని అంకెలుగా మార్చు సాధనము దానిలోనే యుండును.

తగిలించిన పిదప గోటితో దానిని మెల్లగా తట్టి చూడుడు. తెరపై మీటరు ఎగురకున్నచో కంప్యూటరు తన లోపలి మైక్రోఫోనుతోనే వినుచున్నదేమో సెట్టింగులలో చూడవలెను. అక్కడనే నాయిస్ సప్రెషన్ అను మరియొక ఏర్పాటు ఉండవచ్చును. సంభాషణకది మేలే. కాని ఎడతెగక మ్రోగు ధ్వని యంతయు దాని దృష్టిలో రొదయే. పంకా మ్రోతతోపాటు శ్రుతిపెట్టె నాదమును గూడ మ్రింగివేయును! పాటకు దానిని తీసివేసి, పంకాను మీరే ఆపుడు.

మైక్రోఫోను నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుండవలెను. ఎదురుగా నున్నచో ప, భ అను అక్షరముల ఊపిరి దెబ్బవలె తగులును. పరీక్షలన్నియు మీ గొంతుతోనే కానిండు. పెద్దల కంఠము మొదటి రెండు పాటలకే నిండుగా నుండును. దానిని పరీక్షలకు ఖర్చుచేయరాదు. పైస్థాయి చరణమును మాత్రము ఒకసారి పాడించి, మీటరు సున్నకు 12 డెసిబెల్ల దిగువన నిలుచునట్లు సరిచేసిన చాలును.

ముద్రణను వేవ్ ఫైలుగా నుంచుడు. సెకనుకు 48,000 నమూనాలతో, 16 బిట్లతో, మోనోలో గంటకు సుమారు 345 మెగాబైట్లగును. విదేశములలోని మనుమలకు పంపుటకు ఎం.పి.3 ప్రతి చాలును. మూలము రెండు చోట్ల భద్రముగా నుండవలెను. మొదటి పాటకు ముందు పేరు, ఊరు, తేదీ పాడువారి నోటనే చెప్పించుడు. కంఠము చక్కగా వినబడుచున్నను అది ఎవరిదో చెప్పగలవారు లేని టేపులు మా అనుభవములో నున్నవి.