మూడక్షరముల మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఆంగ్లము నేర్వబూనినవారు పొడవైన మాటలను చూచి జంకుదురు. నిజమునకు పొడవైన మాట చూపునకు భయంకరమే గాని స్వభావమున సాధువు. దానికి ఒకటి రెండు అర్థములే యుండును. ఒకసారి తెలిసికొన్నచో మరల తికమక పెట్టదు. చిక్కంతయు చిన్న మాటలతోనే కలదు. ‘రన్’ అను మాట అట్టిది. ఆంగ్లలిపిలో దానికి మూడే యక్షరములు. మొదటి వాచకము చదువు బాలుడైనను దానికి ‘పరుగెత్తు’ అని అర్థము చెప్పగలడు. ఆ బాలుడు చెప్పినది తప్పుగాదు. కాని అది ఇంటి గడప మాత్రమే. ఇల్లు లోపల నున్నది.

ఆ ఇల్లు ఎంత విశాలమో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు చూపుచున్నది. 1857లో సంకల్పింపబడిన ఈ మహాకార్యమునకు 1879లో జేమ్స్ మరే అను పండితుడు సంపాదకుడయ్యెను. వేలకొలది పాఠకులు తాము చదివిన గ్రంథములనుండి వాక్యములను చిన్న చీటీలపై వ్రాసి ఉచితముగ పంపిరి. 1884లో మొదటి భాగము వెలువడెను. మరే 1915లో మరణించెను. గ్రంథము 1928లో గాని పూర్తి కాలేదు. 1989 నాటి రెండవ కూర్పులో ‘సెట్’ అను మాటదే అన్నిటికంటె పెద్ద పద్దు. దాని అర్థములు నాలుగువందలకు పైబడినవి. తరువాతి కూర్పునకై పీటర్ గిల్లివర్ అను సంపాదకుడు ‘రన్’ అను మాటతో తొమ్మిది నెలలు కుస్తీపట్టి, దాని క్రియారూపమునకే 645 అర్థములు తేల్చెను. ఆ సంగతి 2011లో వెల్లడియయ్యెను.

ఇన్ని అర్థము లెట్లు కలిగెను? వేయి సంవత్సరముల నాటి ఆంగ్లములోనే ఈ మాట మనుష్యుని పరుగునకును, నీటి ప్రవాహమునకును చెల్లెను. ఇది వింతగాదు. మన ‘పారు’ అను మాటయు నట్టిదే. కాలువ పారును, దొంగ పారిపోవును. ప్రవాహమునుండి ఆంగ్లములో ముక్కు కారుటయు, బట్ట రంగు దిగుటయు వచ్చెను. తెగని ప్రవాహమువలె సాగునది గనుక వంశములో ఒక గుణము వచ్చుటయు, నాటకము కొన్ని వారములు ఆడుటయు ఆ మాటకే చేరెను. పిమ్మట యంత్రయుగము వచ్చెను. ఆవిరి యంత్రమును, రైలును, అచ్చుయంత్రమును, కడకు కంప్యూటరులోని ప్రోగ్రామును ఆ మాటతోనే నడచినవి. యంత్రము నడుపువాడు కర్మాగారమును, కర్మాగారము నడుపువాడు సంస్థను, సంస్థను నడుపువాడు ప్రభుత్వమును ఆ మాటతోనే నడపజొచ్చెను. డిపాజిటుదారులు భయపడి ఒక్కుమ్మడిగ బ్యాంకుపై పడుటకును అదే పేరు. క్రికెట్టు ఆటలో బంతి హద్దు దాటినచో ఆటగాడు కదలకయే నాలుగు పరుగులు గడించును.

ఇచ్చట ఒక వినోదము కలదు. ఆంగ్లేయుడు పరుగెత్తించిన చోట తెలుగువాడు సాధారణముగ నడిపించును. బడి నడుపుదుము, దుకాణము నడుపుదుము. వడ్డీ నడచును, వ్యాజ్యము నడచును. ఎన్నికలలో అభ్యర్థి యగుటను అమెరికావారు పరుగెత్తుట యందురు; ఇంగ్లండువారు నిలబడుట యందురు. తెలుగువారును ఎన్నికలలో నిలబడుదురే గాని పరుగెత్తరు. ఒకే పనిని ఒక జాతి పరుగుగను, మరియొక జాతి నడకగను, వేరొక జాతి నిలుకడగను చూచుచున్నది. కావున మాటకు మాట పెట్టిన అనువాదము కాలు జారును.

ఈ బాధ ఆంగ్లమునకే లేదు. తెలుగు నేర్చు పరదేశి ‘పట్టు’ అను మాటయొద్ద ఏమగునో యోచింపుడు. నిద్ర పట్టును, చెమట పట్టును, తుప్పు పట్టును. ప్రయాణమునకు రెండు దినములు పట్టును. గాదెలో ధాన్యము పట్టును. బిడ్డకు పాలు పట్టుదురు, మొండివాడు పట్టు పట్టును, తేనెటీగలు పట్టు పెట్టును. 1852లో అచ్చయిన తన తెలుగు-ఆంగ్ల నిఘంటువులో సి.పి. బ్రౌన్ అర్థములతో ఆగక ప్రయోగములను గూడ విరివిగ చేర్చుట ఇందువలననే. ప్రయోగము లేని అర్థము తాళము లేని తాళపుచెవి వంటిది.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. కౌలు పత్రములో ‘ఐదేండ్లు రన్’ అని యున్నచో, ఆ ఒప్పందము ఐదేండ్లవరకు చెల్లునని అర్థము. బాకీ పత్రములో వడ్డీ ఫలానా తేదీనుండి ‘రన్’ అగునన్నచో, ఆ దినమునుండి వడ్డీ లెక్కకు వచ్చును. నీటి మోటారుతో వచ్చు కాగితములో దానిని ‘డ్రై’గా ‘రన్’ చేయరాదని యుండును. పంపులో నీరు లేకుండ నడుపరాదని దాని భావము. పంపు లోపలి భాగములకు ఆ నీరే చలువ. నీరు లేనిదే అవి వేడెక్కి చెడును. పరుగెత్తుట యను నొక్క అర్థమే తెలిసినవాడు ఆ హెచ్చరికను చదివియు చదువనివాడే యగును. నష్టము మాత్రము చేతికి వచ్చును.

కావున చిన్న మాట కనబడినపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఆ పని చేయునది మనుష్యుడా, నీరా, యంత్రమా, ధనమా, కాలమా? మాట వెనుక ఏ చిన్న మాట తగిలినది? ‘అవుట్’ తగిలినచో సరకు అయిపోవును. ‘ఓవర్’ తగిలినచో బండి మనిషి మీదుగ పోవును. ‘అవే’ తగిలినచో మనిషి పారిపోవును. ఆ వాక్యము పత్రములోనిదా, కథలోనిదా, ఆటలోనిదా? ఈ మూడును తేలినచో 645 అర్థములలో కావలసిన దొక్కటి తానుగ ముందుకు వచ్చును.

గ్రంథాలయమున నిఘంటువును ఇంటికీయక బల్లపైననే యుంచుట ఆచారము. అది అందరికిని అన్నివేళల కావలసిన పుస్తకము. బడి పిల్లలతోపాటు కౌలుదారును, పంపుసెట్టు కొన్న రైతును, ఉత్తరము చదివించుకొన వచ్చిన తల్లియు ఆ బల్లయొద్ద కూర్చుండవలయును. తెలిసిన మాటయే గదా యని దాటిపోక పుట తిప్పి చూచువాడే చదువరి. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము అట్టి చదువరులను పెంచినది. ఆ బల్ల మీది పుస్తకము వాడుక వలన అంచులు నలిగి, చినిగి, మరల మరల కొత్త అట్ట వేయించుకొనుగాక!